రోజువారీ ఆందోళనను అదుపులో పెట్టుకోవడం ఎలా: మెట్టు మెట్టుగా చేయవలసిన పనులు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో, పత్తి చేతికొచ్చే కాలంలో, ఉద్యోగ పరీక్ష వాయిదా పడినప్పుడు వరంగల్, హనుమకొండ, కరీంనగర్ పాఠకులు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు: ఈ రంది తగ్గాలంటే అసలు ఏం చేయాలి? "ధైర్యంగా ఉండు, ఏం కాదు" అన్న మాట వారు ఇంట్లో చాలాసార్లు విన్నారు; దానితో పని జరగలేదు కనుకనే అడుగుతున్నారు. అందుచేత ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ దారి తప్పుతాము, తప్పితే ఎలా సరిచేసుకోవాలి అన్నంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. రేపు పరీక్ష ఉన్నవారికి, అప్పు గడువు దగ్గరపడినవారికి కొంత ఆందోళన ఉండటం సహజం. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టడం ఎవరివల్లా కాదు. అది ఉండగానే చేయవలసిన పని ఆగకుండా చూసుకోవడం మాత్రం నేర్చుకోవచ్చు. ఆ నేర్పుకు అడ్డుపడేవి చాలావరకు అప్పటికప్పుడు ఊరట కోసం మనం చేసే పనులే: భయమున్న చోటికి వెళ్ళకుండా మానుకోవడం, పదిసార్లు ఫోన్ చేసి కనుక్కోవడం, "ఏం కాదు కదా?" అని ఇంట్లో అందరినీ అడగడం. వీటితో కాసేపు మనసు కుదుటపడుతుంది గాని, మరునాడు అదే భయం ఇంకాస్త తొందరగా వస్తుంది. కింది మెట్లన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి.

1. మొదట ఒంటిని పరీక్ష చేయించుకోండి

గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, కడుపులో దేవినట్టుండటం, తల తేలిపోవడం ఆందోళన లక్షణాలే. అయితే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు, రక్తం తక్కువైనప్పుడు, మధుమేహానికి మందు వాడేవారిలో చక్కెర ఒక్కసారిగా పడిపోయినప్పుడు కూడా ఇవే కనిపిస్తాయి. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ సైతం కొందరిలో చేతులు వణికిస్తుంది, గుండె వేగం పెంచుతుంది.

మొదటిసారి వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు అడగవలసినవి:

- బీపీ, నాడి వేగం
- హిమోగ్లోబిన్, రక్తంలో చక్కెర, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్ష
- గుండె దడ తరచుగా వస్తుంటే ఈసీజీ
- ఇప్పటికే వాడుతున్న మందులన్నిటి పేర్లు చూపించి, వాటివల్ల దడ వచ్చే అవకాశం ఉందేమో కనుక్కోవడం

ఛాతీ నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని పాకుతున్నా, శ్రమ చేసినప్పుడు వస్తున్నా, నొప్పితో పాటు స్పృహ తప్పుతున్నా దాన్ని గాబరా అనుకొని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు రిపోర్టులు బాగున్నాయని చెప్పిన తర్వాత మొదలవుతుంది. కొత్త లక్షణం ఏదీ లేకుండానే నెల తిరగకముందే మరో ఆసుపత్రిలో అదే ఈసీజీ, ఆ తర్వాత ఇంకో ఆసుపత్రిలో టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీయించుకుంటారు. అది ఐదో మెట్టులో రాబోయే భరోసా వేట కిందికే వస్తుంది.

2. వారం రోజులు రాసి పెట్టుకోండి

ఈ వారంలో ఏదీ మార్చడానికి ప్రయత్నించవద్దు. ఆందోళన ఎప్పుడు, ఎక్కడ, దేనివల్ల వస్తున్నదో మాత్రమే చూడండి. చిన్న నోటుబుక్కు చాలు. ఫోన్‌లో రాసుకోవద్దని నా సలహా, ఎందుకంటే రాయడానికి తీసిన ఫోన్ అరగంట వరకు చేతిలోంచి దిగదు.

ప్రతిసారి ఆరు విషయాలు రాయాలి: సమయం, ఏం జరిగింది, మనసులో వచ్చిన మాట, ఒంట్లో ఏమైంది, తీవ్రత 10లో ఎంత, తర్వాత నేనేం చేశాను. ఒక రోజు గడిచాక ఏడోది చేర్చాలి: చివరికి ఏం జరిగింది. నమూనాకు, కొడుకు హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఒక తల్లి నోటుబుక్కు ఇలా ఉండవచ్చు:

"మంగళవారం రాత్రి 9:40. పిల్లవాడు ఫోన్ ఎత్తలేదు. మనసులో మాట: బండి మీద పోతుంటే ఏమన్నా అయిందేమో. ఒంట్లో: గుండె దడ, అరికాళ్ళు చల్లబడ్డాయి. తీవ్రత 8. చేసిన పని: వరుసగా పదిసార్లు ఫోన్, రూమ్‌లో ఉండే పిల్లవాడికి కూడా ఫోన్. చివరికి: ఛార్జింగ్ పెట్టి అన్నం తింటున్నాడట, 10:15కు వాడే చేశాడు."

ఈ ఏడో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, ఎందుకంటే భయపడినది జరగకపోతే ఆ సంగతే మరచిపోతాము. నోటుబుక్కు అసలు విలువ అందులోనే ఉన్నది. వారం తర్వాత ఆ ఒక్క గడినే వరుసగా చదివితే, మీ మనసు చెప్పే జోస్యాలలో ఎన్ని నిజమయ్యాయో మీ చేతిరాతలోనే కనబడుతుంది.

తీవ్రతను కొలుచుకోవడానికి వైద్యులు వాడే జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక కూడా ఉన్నది. గత రెండు వారాల్లో ఒక్కొక్క ఇబ్బంది ఎంత తరచుగా ఉన్నదో 0 నుంచి 3 వరకు గుర్తించాలి, మొత్తం 21. మొత్తం 10 గాని అంతకు మించి గాని వస్తే ఈ మార్గదర్శితో సరిపెట్టుకోకుండా ఎనిమిదో మెట్టుకు వెళ్ళండి.

3. గాబరా ఎక్కినప్పుడు మొదటి పది నిమిషాలు

ప్రమాదం ఉన్నదని మెదడు అనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. చేతులు చల్లబడటం, కడుపు పట్టేయడం అందుకే. తీవ్రమైన గాబరా సాధారణంగా పది నిమిషాల్లోపు పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత తనంతట తాను దిగుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే "ఇది పెరుగుతూ పోయి నన్ను చంపేస్తుంది" అన్న రెండో భయం పుట్టదు.

చేయవలసిన వరుస:

- ఉన్న చోటే ఆగండి. బండి నడుపుతుంటే పక్కకు ఆపండి.
- ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, ఆరు అంకెల దాకా మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు ఇలాగే.
- పిడికిళ్ళు ఐదు సెకన్లు గట్టిగా బిగించి, పదిహేను సెకన్లు పూర్తిగా వదలండి. తర్వాత భుజాలు, దవడ, పిక్కలు.
- చుట్టూ ఉన్న ఐదు వస్తువుల పేర్లు మనసులో చెప్పుకోండి: బోర్డు మీద అక్షరాలు, ఆటో రంగు, ఏదైనా సరే.
- తీవ్రత కాస్త దిగగానే ఆపిన పనినే మళ్ళీ అందుకోండి.

"గట్టిగా ఊపిరి తీసుకో" అని పక్కవారు ఇచ్చే సలహా ఇక్కడ బెడిసికొడుతుంది. వేగంగా, లోతుగా పీల్చినకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కళ్ళు తిరుగుతాయి, దానితో భయం రెట్టింపవుతుంది. శ్వాస వదలడం నెమ్మదిగా, పొడవుగా ఉండాలన్నది గుర్తుంచుకుంటే చాలు.

రెండో పొరపాటు, ఈ శ్వాసను గాబరా వచ్చినప్పుడు మాత్రమే ప్రయత్నించడం. ఏ ఇబ్బందీ లేనప్పుడు రోజుకు రెండుసార్లు చేసి అలవాటు చేసుకోకపోతే, అవసరమైన వేళ అది గుర్తుకు రాదు.

4. చింతకు ఒక వేళ కేటాయించండి

రోజంతా తెగకుండా సాగే ఆలోచనలను "ఆలోచించవద్దు" అని ఆపలేము, వాయిదా వేయగలము. సాయంత్రం ఒకే సమయం, ఒకే చోటు ఎంచుకోండి, ఇరవై నిమిషాలు. పడక మీద గాని, నిద్రకు ముందు గంటలో గాని వద్దు. భద్రకాళి చెరువు కట్ట మీద నడకకు వెళ్ళేవారు అక్కడి బెంచీ మీద కూర్చొని కూడా ఈ పని చేసుకోవచ్చు.

పగలు ఆలోచన వచ్చినప్పుడు నోటుబుక్కులో ఒక్క ముక్క రాసి, "ఆరున్నరకు చూస్తాను" అనుకొని చేతిలో పనికి తిరిగి రావాలి. మొదటి రోజుల్లో అదే ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ అదే మాట చెప్పాలి. ఆరున్నరకు నోటుబుక్కు తెరిచి ప్రతి అంశాన్ని రెండు వరుసల్లో ఒకదానిలో వేయాలి: నా చేతిలో ఉన్నది, నా చేతిలో లేనిది.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తేబోయే రైతు విషయం చూద్దాం. వచ్చే వారం ధర పడిపోతుందా అన్నది ఆయన చేతిలో లేదు. పత్తిలో తేమ ఆయన చేతిలో ఉన్నది: తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కేంద్రంలో కొనరు, కనుక రెండు రోజులు ఎండబెట్టడం, కౌలు కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కు సిద్ధం చేసుకోవడం పనులు. మొదటి వరుసలోని ప్రతి అంశం పక్కన "ఎప్పుడు, ఎవరితో, మొదటి పని ఏమిటి" అని రాయాలి. రెండో వరుసలోని వాటి పక్కన ఏమీ రాయనక్కరలేదు. చదివి, వాటి వల్ల వచ్చే ఇబ్బందిని కాసేపు ఉండనిచ్చి, సమయం కాగానే పుస్తకం మూసేయాలి.

రెండో వరుసలోని వాటికి పరిష్కారం వెతుకుతూ కూర్చోవడం ఇక్కడి సాధారణ పొరపాటు. ఇరవై నిమిషాలు గంట దాటుతున్నదంటే మీరు అదే చేస్తున్నారని అర్థం. ఫోన్‌లో అలారం పెట్టి, మోగగానే లేచి నిలబడండి.

5. భరోసా అడగడం తగ్గించండి

నోటుబుక్కులో "తర్వాత నేనేం చేశాను" అన్న గడిని ఇప్పుడు తీయండి. తాళం మళ్ళీ మళ్ళీ చూడటం, లక్షణాలను గూగుల్‌లో వెతకడం, ఫలితాల వెబ్‌సైటును నిమిషానికోసారి తెరవడం, ఇంట్లో అడిగిందే అడగడం ఇలాంటివి ఎన్ని ఉన్నాయో గుర్తు పెట్టండి. వాటిలో తేలికైన దానితో మొదలుపెట్టాలి.

పైన చెప్పిన తల్లి ఒక్కసారిగా ఫోన్ చేయడం మానేయనక్కరలేదు. కొడుకుతో ముందే ఒప్పందం చేసుకోవచ్చు: రాత్రి తొమ్మిదిన్నరకు ఒక్క ఫోన్, ఎత్తకపోతే ఒక్క మెసేజ్, మళ్ళీ ఫోన్ గంట తర్వాతే. ఆ గంట ఎంత కష్టంగా ఉన్నదో, తీవ్రత ఎక్కడ మొదలై ఎక్కడికి దిగిందో రాసుకోవాలి. ఫోన్ చేయకుండానే 8 నుంచి 4కు దిగడం ఆమె స్వయంగా చూడటమే ఈ మెట్టు ప్రయోజనం. పిల్లవాడు వెంటనే ఎత్తి ఉంటే ఆ సంగతి ఆమెకు తెలిసేది కాదు.

రెండు వారాల తర్వాత గంటను రెండు గంటలు చేయవచ్చు. మధ్యలో ఒక రోజు పట్టు తప్పి ఐదారుసార్లు ఫోన్ చేస్తే, మరునాడు ఒప్పందాన్ని అలాగే కొనసాగించండి, కఠినం చేయవద్దు.

6. తప్పించుకున్న చోటికి మెట్లు కట్టుకోండి

అన్నింటిలోకి కష్టమైనదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. కనుక కాస్త వివరంగా చెప్పాలి.

కరీంనగర్ బస్సులో ఒకసారి గుండె దడ వచ్చి, ఆ తర్వాత బస్సు ఎక్కడమే మానేసిన హనుమకొండ ఉద్యోగిని తీసుకుందాం. వైద్య పరీక్షలు బాగున్నాయి. ఆయన భయం బస్సు మీద కంటే "మధ్యలో దడ వస్తే దిగలేను" అన్నదాని మీద ఎక్కువ. అది తెలుసుకుంటేనే మెట్లు సరిగ్గా కట్టగలము. దారి వెంట ఉన్న ఊళ్ళే ఆయనకు మెట్లు అవుతాయి:

1) హనుమకొండ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ బస్సులు ఆగే చోట ఇరవై నిమిషాలు కూర్చోవడం. ఊహించిన భయం 3.
2) ఇంట్లో ఒకరిని తోడు తీసుకొని హసన్‌పర్తి వరకు. భయం 4.
3) ఒంటరిగా హసన్‌పర్తి వరకు. భయం 5.
4) ఒంటరిగా ఎల్కతుర్తి వరకు. భయం 6.
5) రద్దీగా ఉన్న వేళ, తలుపుకు దూరంగా కూర్చొని హుజూరాబాద్ వరకు. భయం 8.
6) కరీంనగర్ వెళ్ళి, పని చూసుకొని, అదే రోజు తిరుగు ప్రయాణం. భయం 9.

పాటించవలసిన నియమాలు:

- ప్రతి మెట్టును కనీసం మూడు నాలుగు సార్లు చేయాలి, వీలైతే ఒకే వారంలో. నెలకొకసారి చేస్తే ప్రతిసారీ మొదటిసారే అవుతుంది.
- బయలుదేరే ముందు "ఏం జరుగుతుందని భయపడుతున్నాను" అన్నది ఒక వాక్యంగా రాసి, దిగిన తర్వాత దాని కింద ఏం జరిగిందో రాయాలి.
- దడ వచ్చినా అనుకున్న ఊరు వచ్చేవరకు దిగకూడదు.
- ఊహించిన భయం 3కు దిగాక పై మెట్టు ఎక్కాలి.

మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ప్రయాణం ఉచితం కనుక వారికి ఈ సాధనలో టికెట్ ఖర్చు కూడా ఉండదు.

"అన్నీ చేశాను, తగ్గలేదు" అన్నవారిని వివరంగా అడిగితే సాధారణంగా ఒక సంగతి బయటపడుతుంది: జేబులో మాత్ర, చేతిలో నీళ్ళ సీసా, చెవి దగ్గర భార్యతో ఫోన్, ఇవన్నీ పెట్టుకొని ప్రయాణం చేసి ఉంటారు. అప్పుడు మనసు "మాత్ర ఉంది కనుక బతికాను" అని లెక్క వేసుకుంటుంది. తొలి రెండు మెట్లలో వీటిని అనుమతించి, మూడో మెట్టు నుంచి ఒక్కొక్కటిగా ఇంట్లో వదిలేయాలి. ఇక్కడ చెప్పే మాత్ర గాబరా కోసం జేబులో పెట్టుకునేది మాత్రమే. ఆస్తమా ఇన్‌హేలర్, గుండె మందులు, మధుమేహం ఉన్నవారికి చక్కెర పడిపోతే వేసుకునే గ్లూకోజ్ బిళ్ళలు ఎప్పుడూ వెంటే ఉండాలి.

మధ్యలో దిగిపోతే అదే రోజు, లేదా మరునాడు, ఒక మెట్టు కింది నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. వారం ఆగితే భయం మళ్ళీ గట్టిపడుతుంది.

మెట్ల పద్ధతి బస్సుకే పరిమితం కాదు. కోచింగ్‌లో సందేహం అడగలేనివారికి, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడలేనివారికి, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసినవారికి ఇదే వరుస పనిచేస్తుంది.

7. చాయ్, నిద్ర, కల్లు

కాఫీ, చాయ్‌లలోని కెఫీన్ గుండె వేగం పెంచుతుంది. తాగిన ఐదు గంటల తర్వాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. రోజుకు ఐదారు చాయ్‌లు తాగేవారు వారంలో మెల్లగా రెండుకు తగ్గించండి, చివరిది మధ్యాహ్నం మూడులోపు. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది.

నిద్రకు పడుకునే వేళ కంటే లేచే వేళను స్థిరంగా ఉంచుకోవడం ముఖ్యం. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి గనుల్లో షిఫ్టులు మారేవారికి అది కుదరదు. వారు పగటి నిద్రకు గదిని పూర్తిగా చీకటి చేసుకొని, ఆ గంటల్లో ఫోన్ రాకుండా ఇంట్లో చెప్పి పెట్టుకోవాలి. రోజుకు అరగంట చురుకైన నడక అందరికీ మంచిది.

కల్లు సంగతి విడిగా చెప్పాలి. ఉత్తర తెలంగాణలో పట్టుబడిన కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపాం వంటి మత్తుమందులు బయటపడుతూనే ఉన్నాయి. అలాంటి కల్లుకు అలవాటుపడినవారు ఒక్క రోజు తాగకపోతే వచ్చే వణుకు, నిద్రలేమి, విపరీతమైన బుగులు మామూలు ఆందోళనలాగే కనిపిస్తాయి, కొందరిలో మూర్ఛలు, లేనివి ఉన్నట్టు కనిపించడం కూడా ఉంటాయి. వారు ఇంట్లో బలవంతంగా మానిపించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో మానాలి. మద్యం కూడా రాత్రి గాబరాను అణచినట్టే ఉండి, మరునాటి ఉదయం పెంచుతుంది.

8. ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళాలి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా సొంత ప్రయత్నంతో ఆగవద్దు:

- ఆందోళన వల్ల చదువు, ఉద్యోగం, వ్యవసాయం ఆగిపోవడం
- పై మెట్లు ఆరు వారాలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోవడం
- నిద్ర, ఆకలి బాగా తగ్గిపోవడం
- మత్తు లేకుండా రోజు గడవకపోవడం
- చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే

చివరిది ఉంటే వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య సేవ. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అయితే 108. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే అదే రోజు వాటిని బయటికి తరలించి, తాళం వేయించండి.

వరంగల్ ఎంజీఎం, ఆదిలాబాద్ రిమ్స్, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మీ నోటుబుక్కు, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్ళండి. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పండి; "పానమంతా గాయిగాయి అయితుంది" అన్నా వైద్యుడికి పనికివచ్చే సమాచారమే.

మందులు రాస్తే రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఆందోళనకు తరచుగా రాసే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో గాబరా కాస్త పెరిగినట్టు కూడా ఉండవచ్చు. అందుకని నాలుగో రోజే మానేయవద్దు, తగ్గిన తర్వాత కూడా మీ అంతట మీరే ఆపవద్దు. అల్ప్రాజోలం వంటి మాత్రలు వెంటనే ఊరటనిస్తాయి, కానీ త్వరగా అలవాటైపోతాయి. చీటీ లేకుండా, తెలిసిన మెడికల్ షాపు కదా అని తెచ్చుకొని వాడవద్దు.

పెళ్ళి సంబంధాలకు అడ్డొస్తుందని, ఉద్యోగంలో తెలుస్తుందని వెనుకాడేవారు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చిందని తెలుసుకోవాలి.

9. ఇంట్లోవారు చేయవలసినది

ఆందోళనలో ఉన్నవారిని "గింతదానికే భయపడ్తవా" అని తీసిపారేయడం, వారి బదులు అన్ని పనులూ చేసిపెట్టడం, రెండూ ఒకే నష్టం చేస్తాయి. ఇంటర్ చదివే కూతురు పరీక్ష ముందు రాత్రి పదోసారి "బాపూ, నేను పాసైతనా?" అని అడిగితే, తండ్రి పదోసారి "ఖచ్చితంగా పాసైతవు" అనడం వల్ల ఆమెకు పదకొండోసారి అడగవలసి వస్తుంది. "బిడ్డా, నీకు బుగులుగా ఉందని తెలుస్తాంది. ఈ మాట ఇందాక మాట్లాడుకున్నం కదా, రా, ఇద్దరం కట్టదాకా నడిచొద్దాం" అనడం మేలు.

అయితే ఈ తీరు ముందుగా ఆమెతో మాట్లాడుకొని, ఆమె ఒప్పుకున్న తర్వాతే మొదలుపెట్టాలి. హఠాత్తుగా జవాబు ఇవ్వడం మానేస్తే అది శిక్షలా తోస్తుంది. తల్లి, తండ్రి, నాయనమ్మ అందరూ ఒకే జవాబు ఇవ్వాలి. ఒకరు కాదన్న భరోసా మరొకరి దగ్గర దొరికితే, అడగడం ఆ గదిలోకి మారుతుంది.